కిచ్ అన్నది పటాన్నా, పటం కొన్నవాళ్లనా?

పోయిన ఏడాది ఇల్లు మారాం. కొత్త ఫ్లాట్‌లో చెక్కపని చేయించడానికి ఒక ఇంటీరియర్ డిజైనర్‌ని మాట్లాడుకున్నాం. పని తెలిసిన అమ్మాయే, మాట కూడా మెత్తన. టేపు పట్టుకుని గదులన్నీ కొలుచుకుంటూ పూజగది దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అమ్మ పటాలన్నీ అక్కడ గోడకి ఆనించి వరసగా పెట్టి ఉన్నాయి, ఇంకా మేకులు కొట్టలేదు. లక్ష్మీదేవి, సరస్వతి, వెంకటేశ్వరస్వామి, శ్రీరామ పట్టాభిషేకం. ఆ అమ్మాయి నా వైపు వంగి, అమ్మకి వినపడకూడదన్న మర్యాదతో, "ఇవి కొంచెం కిచ్‌గా ఉంటాయి మేడమ్. వెనకాల లైటింగ్ ప్యానెల్ వేసి ఒకే ఒక్క ఇత్తడి విగ్రహం పెడదాం, నీట్‌గా ఉంటుంది" అంది.

అమ్మవి పాము చెవులు. "ఏంటే, దేవుళ్లని కిచెన్లో పెట్టమంటోందా ఆ పిల్ల?" అంది. కాదులే అమ్మా అని మాట మార్చేశాను. కానీ ఆ మాటకి అర్థం చెప్పాల్సి వస్తే ఏం చెప్పేదాన్ని? చవకబారు బొమ్మలంటోంది అని చెబితే సగమే చెప్పినట్టు. మిగతా సగం, వీటిని ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లకి టేస్టు లేదంటోంది అని. ఈ రెండో సగం ఆ మాటలోకి ఎప్పుడు, ఎలా వచ్చి చేరిందో తెలుసుకోవాలనిపించి కొంత చదివాను. చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఈ మాట అమ్మేవాళ్ల కోసం పుట్టింది, కొనేవాళ్ల మీదికి తిప్పారు. మళ్లీ అమ్మేవాళ్ల మీదికే తిప్పితే ఇది చాలా పనికొచ్చే మాట.

ముందు ఆ లక్ష్మీదేవి పటం గురించి కొంచెం. అది తెనాలిలో మా వీధి చివర కిరాణా కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన క్యాలెండర్. ఏడాది అయిపోయాక అమ్మ తేదీల కాగితాలు చింపేసి బొమ్మకి ఫ్రేము కట్టించింది. అడుగున కొట్టు పేరు, ఫోన్ నంబరు సగం చెక్క కింద దాక్కుని సగం బయటికి కనిపిస్తాయి. అది ఐదంకెల నంబరు, ఆ రోజుల్లో తెనాలిలో అంతే ఉండేవి. అద్దం మీద అమ్మవారి నుదురు ఎక్కడుందో సరిగ్గా అక్కడ కుంకుమ బొట్టు, ప్రతి శుక్రవారం తుడిచి మళ్లీ పెడుతుంది. తడిగుడ్డతో తుడిచీ తుడిచీ అద్దం అక్కడ మసకబారిపోయింది. ఎడమవైపు పై చేతిలో తామరపువ్వు పట్టుకున్న వేళ్లు లెక్కపెడితే ఆరు వస్తాయి. చిన్నప్పుడు ఆ సంగతి పైకి చెప్పి చీవాట్లు తిన్నాను.

మ్యూనిక్ బజారు మాట

కిచ్ ఇప్పుడు ఇంగ్లిషులో మామూలు మాటే అయినా దాని పుట్టిల్లు జర్మనీ. 1860, 70ల మ్యూనిక్‌లో చిత్రకారులూ, బొమ్మలమ్మే దళారులూ తమలో తాము వాడుకునే బజారు యాస అది. ఇంగ్లిషువాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నది 1920లలో. వ్యుత్పత్తి దగ్గర జర్మన్ పండితులకే మాట కలవదు. ఒక కథ ప్రకారం, మ్యూనిక్ చూడ్డానికి వచ్చిన ఇంగ్లిషు, అమెరికన్ యాత్రికులు పెద్ద పెయింటింగులకి అంత డబ్బు పెట్టలేక "ఒక స్కెచ్ ఇవ్వండి చాలు" అని అడిగేవాళ్లట. ఆ స్కెచ్ దళారుల నోట్లో నలిగి కిచ్ అయిందట. రెండో కథ, నైరుతి జర్మనీ మాండలికంలో వీధిలో బురద గోకి పోగెయ్యడాన్ని కిచెన్ అంటారు, దాన్నుంచి వచ్చిందని. (అమ్మ విన్నది మరీ అంత దూరం కాదన్నమాట.) మూడోది ఫెర్‌కిచెన్ అనే క్రియ. అంటే సరుకుని అగ్గువకి అమ్మి వదిలించుకోవడం.

స్కెచ్ కథ వినడానికి మహా బాగుంటుంది. అందుకే నాకు దాని మీద నమ్మకం తక్కువ. మాటల పుట్టుక గురించి ముచ్చటగా ఉండే కథలు చాలావరకు తర్వాత ఎవరో తీరిగ్గా అల్లినవే. స్నాబ్ (ఎదుటివాళ్లని చిన్నచూపు చూసేవాడు) అనే మాటకి "కులీనత లేనివాడు" అనే లాటిన్ మూలం ఉందని చెప్పుకుంటారు కదా, అదీ ఇలాంటిదే. అసలు ఆ మాటకి చెప్పులు కుట్టేవాడని అర్థం. కేంబ్రిడ్జి విద్యార్థులు ఊళ్లో జనాన్ని వెక్కిరించడానికి వాడుకున్నారు. అక్కణ్ణుంచి తిరిగి తిరిగి వెక్కిరించేవాళ్లకే పేరైంది. రుచుల గురించిన మాటలు ఇలా ఒకరి మీంచి ఒకరి మీదికి గెంతుతూనే ఉంటాయి.

సరే, కిచ్ సంగతి. మూడు కథల్లో ఏది నిజమైనా, మూడూ మాట్లాడేది తయారీ గురించి, అమ్మకం గురించి. హడావుడిగా గీకింది, బురదలోంచి ఎత్తింది, వచ్చిన రేటుకి తోసేసింది. మొదట్లో ఒక చిత్రకారుడు ఇంకో చిత్రకారుడి బొమ్మని చూసి కిచ్ అన్నాడంటే, "వీడు దీన్ని టూరిస్టుల కోసం గబగబా లాగించేశాడు" అని అర్థం. కొనుక్కుని ఊరికి పట్టుకుపోయిన టూరిస్టు మనసు ఎలాంటిదన్న ప్రశ్న ఆ మాటలో లేదు. పేకాటలో తోటి ఆటగాడి దొంగాటని కనిపెట్టినట్టు, అది పనివాళ్లు పనివాళ్లని అనుకునే మాట.

నింద చేతులు మారడం

అమ్మేవాణ్ణి నిలదీస్తే ఏమవుతుందో చెప్పడానికి మ్యూనిక్ కంటే ముందే లండన్‌లో ఒక ముచ్చట జరిగింది. 1852లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి అక్కడి మాల్‌బరో హౌస్‌లో మ్యూజియం పెట్టాడు. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నది దాని వంశమే. అందులో ఒక గది నిండా చెడ్డ డిజైన్లు పెట్టాడు, జనం చూసి బుద్ధి తెచ్చుకోవాలని. గోడకాగితాలు, తివాచీలు, పువ్వు రేకుల్లోంచి గ్యాస్ మంట వచ్చే దీపం. జనం దానికి "ఘోరాల గది" అని పేరు పెట్టి ఎగబడి చూశారు. ఆ సరుకులు తయారుచేసిన కంపెనీలవాళ్లు మాత్రం మండిపడ్డారు. గోల గోల చేశారు. ఆ గది ఎంతోకాలం నిలవలేదు.

1909లో స్టుట్‌గార్ట్‌లో గుస్తావ్ పాజౌరెక్ అనే మ్యూజియం అధికారి ఇలాంటి పనే ఇంకా పట్టుదలగా చేశాడు. "రుచి తప్పిన వస్తువుల" విభాగం అని ఒకటి తెరిచి, తప్పుల్ని జాతులుగా, ఉపజాతులుగా విడదీశాడు. వాడిన పదార్థంలో తప్పు, కట్టుబడిలో తప్పు, అలంకారంలో తప్పు, వీటన్నిటినీ మించి కిచ్. ఆ కిచ్‌లో మళ్లీ భక్తి కిచ్, యాత్రికుల కిచ్, ప్రకటనల కిచ్. యుద్ధం రోజుల్లో దేశభక్తిని గిన్నెల మీదా గ్లాసుల మీదా అచ్చేసి అమ్మితే అది "హుర్రా కిచ్". ఈ చివరి పేరు నాకు భలే నచ్చింది. మనకీ ఆగస్టు నెలలో పనికొస్తుంది.

పాజౌరెక్‌లో చాదస్తం చాలా ఉంది. కానీ ఆయన వేలు వస్తువు వైపే ఉంది. రాయిలా కనిపించే రేకు ఎందుకు, చెక్కలా కనిపించే పింగాణీ ఎందుకు అని అడిగాడు. అడిగితే సమాధానం చెప్పాల్సింది తయారుచేసినవాడు.

ఆ తర్వాతే వేలు పక్కకి తిరిగింది. 1933లో ఆస్ట్రియా రచయిత హెర్మాన్ బ్రోహ్, కళల్లో చెడుగు అంటే కిచ్చే అని రాశాడు. 1950 ప్రాంతంలో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ ఇంకో అడుగు వేసి, కిచ్‌ని ప్రేమించే "కిచ్ మనిషి" లేకపోతే కిచ్చే ఉండదు అన్నాడు. ఇక్కడ బ్రోహ్‌ని తీసిపారెయ్యలేను. ఆయన్ని 1938లో నాజీలు జైల్లో పెట్టారు, ప్రాణం దక్కించుకుని దేశం విడిచి పారిపోయాడు. కాగడాల ఊరేగింపులు చూసి కన్నీళ్లు పెట్టుకునే జనం పక్కింటివాళ్లని ఏం చేయగలరో కళ్లారా చూసినవాడు మనిషి లోపల ఏముందని అడగడా మరి?

అయితే అదే 1933 మే నెలలో నాజీ ప్రభుత్వం కూడా కిచ్‌కి వ్యతిరేకంగా ఒక చట్టం తెచ్చింది. జాతీయ చిహ్నాల రక్షణ చట్టం. స్వస్తిక గుర్తునీ, నాయకుడి బొమ్మనీ చిల్లర సరుకుల మీద అచ్చేసి అమ్ముకునేవాళ్లని అదుపు చెయ్యడానికి. కిచ్‌కి పరాకాష్ఠ అని తర్వాత లోకమంతా చెప్పుకున్న ప్రభుత్వమే కిచ్‌ని నిషేధించింది! అంటే ఈ మాట ఎవరి చేతిలోనైనా ఒదుగుతుంది. "నా భావం పవిత్రం, నీది బజారు సరుకు" అనాలనుకున్న ప్రతివాడికీ పనికొస్తుంది.

ఇంగ్లిషులో దీనికి ఈ హోదా తెచ్చిపెట్టింది న్యూయార్క్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్. 1939లో రాసిన వ్యాసంలో ఆయన ఒక రష్యన్ రైతుని ఊహించుకున్నాడు. ఆ రైతు ముందు ఒకవైపు పికాసో బొమ్మ, ఇంకోవైపు రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ వేసిన యుద్ధ దృశ్యం పెట్టాడు. రైతు రేపిన్‌నే ఎంచుకుంటాడు, ఎందుకంటే అందులో బుర్ర పెట్టాల్సిన పని లేదు, అంతా నమిలి నోట్లో పెట్టినట్టు ఉంటుంది, అదే కిచ్ అన్నాడు. వ్యాసం మహా ప్రసిద్ధమైంది. చాలా ఏళ్ల తర్వాత ఆయనకే తెలిసింది, రేపిన్ యుద్ధ దృశ్యాలు వెయ్యలేదని. ఇంకెవరిదో బొమ్మని రేపిన్ ఖాతాలో రాసేశాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకుని పుస్తకంలో చేర్చాడు, అది పెద్దమనిషి తరహా, కాదనను. కానీ బొమ్మని సరిగ్గా చూడకుండా మాట్లాడింది రైతా, విమర్శకుడా? ఆ రైతు అసలు లేడు. ఆ బొమ్మా లేదు. తీర్పు మాత్రం ఉండిపోయింది.

గ్రీన్‌బర్గ్ పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. కిచ్ తన కొనుగోలుదారుల్ని డబ్బు తప్ప ఇంకేమీ అడగనట్టు, వాళ్ల సమయం కూడా అడగనట్టు నటిస్తుంది అన్నాడాయన. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ఒక్క వాక్యంలో ఆయన వేలు మళ్లీ అమ్మేవాడి వైపు తిరిగింది. వ్యాసమంతా అలాగే ఉండి ఉంటే బాగుండేది.

రాయి మీద అచ్చైన సరస్వతి

ఇప్పుడు అమ్మ పటాల దగ్గరికి. ఈ బొమ్మలన్నిటికీ మూలపురుషుడు రవివర్మ అని అందరికీ తెలుసు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు, తర్వాత అది లోనావ్లా దగ్గర మళవలీకి మారింది. యంత్రాలు, పనివాళ్లు జర్మనీ నుంచి. అప్పులు పెరిగి 1900ల తొలి ఏళ్లలో ప్రెస్సుని అందులో పనిచేసే జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కే అమ్మేశారు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. అన్ని రాళ్ల మీదా బొమ్మని విడివిడిగా గీసి, ఒకే కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్నిటి మీదా అచ్చు వేస్తే, చివరికి చీర అంచు మీద మెరుపు వచ్చేది. పైన వార్నిష్ పూస్తే దూరం నుంచి ఆయిల్ పెయింటింగ్‌లా ఉండేది. ఈ రాతి అచ్చు విద్యని 1790లలో కనిపెట్టిన అలోయిస్ జెనెఫెల్డర్ పనిచేసింది ఎక్కడనుకున్నారు? మ్యూనిక్‌లో. మన పూజగదిలో సరస్వతి వచ్చిన దారీ, ఆమెని వెక్కిరించే మాట వచ్చిన దారీ ఒకే ఊరినుంచి బయల్దేరాయి.

వెక్కిరింత ఆ మాట ఇక్కడికి రాకముందే మొదలైంది. 1907 నాటికే కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామి రవివర్మ దేవతల్లో నాటకాలఫక్కీ తప్ప ఊహాశక్తి లేదనీ, భారతీయత లేదనీ రాశాడు. కళావిమర్శగా చూస్తే అందులో నిజం ఉంది. రవివర్మ లక్ష్మి ఏ అజంతా గోడ మీంచీ దిగిరాలేదు, పార్శీ నాటకాల తెర ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

కానీ ఇంకో లెక్క ఉంది. రవివర్మ పుట్టిన తిరువాంకూరు సంస్థానంలో గుడి తలుపులు అన్ని కులాల హిందువులకూ తెరిచింది 1936 నవంబరులో. మన మద్రాసు రాష్ట్రంలో ఇంకా తర్వాత. ప్రెస్సు తిరగడం మొదలై అప్పటికే నలభై ఏళ్లు దాటింది. గుడి గడప తొక్కనివ్వని మనిషి కూడా చిల్లర డబ్బులు పెట్టి అమ్మవారిని ఇంటికి తెచ్చుకుని, తన చేత్తో బొట్టు పెట్టి, తనకి వచ్చిన మాటల్లో మొక్కుకునే వీలు ఆ కాగితం ఇచ్చింది. గర్భగుడిలో ఉన్న రాతి విగ్రహం ఎంత గొప్ప శిల్పమైనా ఆ మనిషికి అది చెయ్యలేకపోయింది. అంటే ఆ కాగితం చవక కాబట్టే ఆ పని చెయ్యగలిగింది. "చవకబారు" అనే తిట్టు ఇక్కడ ఎలా పనిచేస్తుంది?

ఈ వాదన ఒక స్నేహితురాలికి వినిపిస్తే ఒప్పుకోలేదు. ఆవిడ చేనేత, కలంకారీ వ్యవహారాల్లో ఏళ్లుగా పనిచేసిన మనిషి. "నువ్వు మీ అమ్మని చూస్తున్నావు, నేను చేర్యాల నకాషీలని చూస్తున్నాను" అంది. పటం విప్పి కులపురాణాలు చెప్పడానికి నకాషీలు గీసే ఆ బొమ్మల్లో ఒక్కో కులానికి ఒక్కో దేవత, ఒక్కో ముఖం. శ్రీకాళహస్తి కలంకారీలో కళ్లే వేరు. తోలుబొమ్మల సీత ఒంటికి చిల్లుల్లోంచి వెలుగు వస్తుంది. "ఇన్ని ముఖాల దేవతలున్న నేల మీద అందరికీ ఒకే తెల్లటి ముఖం, ఒకే పట్టుచీర తగిలించి, మిగతావి నాటు అనిపించింది మీ ప్రెస్సే. అది కిచ్ కాకపోతే ఇంకేంటి?"

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నకాషీల పని తగ్గడానికి సినిమా, టీవీ లాంటి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. అయినా ఆవిడ చెప్పిన ముఖాల సంగతి నిజమే. అయితే ఆవిడ కోపం ఎవరి మీదో చూడండి. ప్రెస్సు మీద, ఒకే అచ్చుని లక్షలమందికి తోలిన వ్యాపారం మీద, ఆ బొమ్మల్నే సబ్బులకీ అగ్గిపెట్టెలకీ అంటించుకున్న కంపెనీల మీద. అక్కడ ఆ మాట వాడితే నాకు అభ్యంతరం లేదు. శుక్రవారం పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని అద్దం తుడిచే మనిషి దాకా దాన్ని లాగితేనే అభ్యంతరం.

ఇంకోటి, నాసిరకం వేరు, కిచ్ వేరు. మా లక్ష్మీదేవి చేతికి ఆరు వేళ్లున్నాయంటే అది పని తప్పు. గీసినవాడు పరధ్యానంలో ఉన్నాడు. పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి అని సర్దుకుపోయి, ఆరు వేళ్లూ బాగానే ఉన్నాయని నేను అనను. చెడ్డ బొమ్మని చెడ్డ బొమ్మ అనొచ్చు. దానికి జర్మన్ మాట అక్కర్లేదు.

రెండో కన్నీరు

మరి ఆ మాట అసలు దేనికి? దీనికి నాకు దొరికిన మంచి కొలత చెక్ రచయిత మిలన్ కుందేరాది. 1984లో వచ్చిన ఆయన నవలలో ఒకచోట, కిచ్ వల్ల రెండు కన్నీళ్లు వెంటవెంటనే వస్తాయంటాడు. గడ్డిలో పరుగెత్తే పిల్లల్ని చూస్తే ఎంత బాగుందో అని వచ్చేది మొదటిది. గడ్డిలో పరుగెత్తే పిల్లల్ని చూసి లోకమంతటితో కలిసి కరిగిపోతున్నాం, ఎంత బాగుందో అని వచ్చేది రెండోది. కిచ్‌ని కిచ్ చేసేది ఆ రెండోదట.

మొదట చదివినప్పుడు ఇది నా వాదనకి అడ్డం తగిలినట్టే అనిపించింది. కన్నీరు మనిషిది కదా, సరుకుది కాదు కదా. ఆలోచిస్తే అడ్డం కాదు. ఆ రెండో కన్నీటిని ముందే తయారుచేసి ప్యాక్ చేసి అమ్మొచ్చు. ఇప్పుడు జోరుగా సాగుతున్న వ్యాపారమే అది.

హైవే పక్కన "పల్లెటూరి" హోటళ్లు చూసే ఉంటారు. గేటు దగ్గర సిమెంటు ఎద్దులు కట్టిన సిమెంటు బండి, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ. నీళ్లు లేని బావి దగ్గర చీర కట్టిన బొమ్మ బామ్మ. మంచం నులకదే కానీ కూర్చోకూడదు, ఫోటోకి మాత్రమే. లోపల రాగిసంకటి, నాటుకోడి పులుసు ఇత్తడి పళ్లెంలో. పులుసు బాగానే ఉంటుంది, నేను రెండుసార్లు వడ్డించుకుంటాను. కానీ ఆ బండి పల్లెని అమ్మట్లేదు. పల్లె మీద నాకున్న మమకారాన్ని నాకే చూపించి అమ్ముతోంది. బిల్లులో అదీ కలిసే ఉంటుంది. పల్లెలో మిగిలిన వాళ్లకి ఆ బండి అవసరం లేదు. అక్కడ బళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చి చాలాకాలమైంది.

బుద్ధుడి తల ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మా డిజైనర్ అమ్మాయి ఫోన్‌లో చూపించిన ఇళ్లలో సగానికి పైగా హాల్లో ఒక బుద్ధుడి తల ఉంది. మెడ దాకానే, పక్కన మనీప్లాంటు, పైనుంచి పసుపు లైటు. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మనది. ఆ అమరావతి ఫలకాలు ఊడదీసుకుపోయి లండన్‌లో పెట్టుకున్నారని ఇప్పటికీ బాధపడుతుంటాం. మెడ దగ్గర తెగిన తల అంటే విగ్రహాన్ని ఎవరో నరికి ఎత్తుకుపోయారనే అర్థం కదా, దాన్ని కొత్తగా అచ్చు పోసి మరీ ఎందుకు చేస్తున్నారని ఎవరికీ తోచదు. బ్యాంకాక్‌లో అయితే బుద్ధుడు అలంకారం కోసం కాదని పెద్ద పెద్ద బోర్డులే పెట్టారు, టూరిస్టులు చూసేలా. ఆ తల ముందు ఎవరూ దీపం పెట్టరు. అది ఉన్నది బుద్ధుడి కోసం కాదు, "ఈ ఇంట్లోవాళ్లు ప్రశాంతంగా ఉంటారు" అని వచ్చినవాళ్లకి చెప్పడానికి. రెండో కన్నీరు సిమెంటులో పోతపోస్తే అదీ. అయినా దాన్ని కిచ్ అని ఏ డిజైనరూ అనగా నేను వినలేదు. ధర ఎక్కువ కదా.

ఈ ధర సంగతి చిన్నది కాదు. మ్యూనిక్ దళారులు కిచ్ అనే మాట వాడుకుంటున్న ఆ రోజుల్లోనే, ఆ ఊరున్న బవేరియాలోనే రెండో లుడ్విగ్ మహారాజు కొండమీద నోయిష్వాన్‌స్టైన్ కోట కట్టించడం మొదలుపెట్టాడు, 1869లో. దానికి ఊహాచిత్రాలు గీసింది నాటకాల తెరలు వేసే చిత్రకారుడు. ఎప్పుడూ లేని మధ్యయుగాన్ని ఆవిరియంత్రాల కాలంలో కట్టారు. రాజు 1886లో చనిపోయిన కొద్ది వారాలకే టికెట్టు పెట్టి జనాన్ని లోపలికి వదిలారు. కిచ్‌కి ఇంతకంటే నిఖార్సైన నమూనా వెతికినా దొరకదు. 2025లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కోట బొమ్మని ప్లేటు మీద అచ్చేసి అమ్మేది మాత్రం కిచ్.

అమెరికన్ శిల్పి జెఫ్ కూన్స్ దారి ఇంకా తెలివైనది. గాలి నింపిన కుందేలు బొమ్మని స్టీలులో పోతపోశాడు, 1986లో. 2019లో అది వేలంలో 9 కోట్ల డాలర్లు దాటింది. తిరునాళ్లలో అదే కుందేలు బెలూన్ కొనిచ్చిన తండ్రికి టేస్టు లేదు, స్టీలుది కొన్నవాడికి చమత్కారం తెలుసు. చమత్కారంగా ఇష్టపడే హక్కు డబ్బున్నవాళ్లకే ఉంటుంది కాబోలు.

నేల టికెట్టు, క్రింజ్

ఈ విషయంలో మన సినిమావాళ్ల భాషే నయమనిపిస్తుంది. "నేల టికెట్టు సరుకు" అంటారు. కూర్చునే చోటు బట్టి, పెట్టిన డబ్బు బట్టి మనిషికి రుచి అంటగట్టడం అది, పచ్చిగా, దాపరికం లేకుండా. వినగానే ఎవరిని తిడుతున్నారో తెలుస్తుంది, కాబట్టి తిరగబడొచ్చు. కిచ్ అన్నప్పుడు అలా కాదు, చదువుకున్న గొంతుతో అంటారు. పక్కనున్నవాళ్లకి అది విమర్శలా వినిపిస్తుంది.

మా మేనల్లుడి తరానికి ఈ రెండూ అక్కర్లేదు. వాళ్లకి క్రింజ్ ఉంది. మొదట్లో ఆ మాట నాకు నచ్చింది. ఎందుకంటే సిగ్గుతో ముడుచుకుపోయేది చూసేవాడే, చూపించేవాడు కాదు. అంటే అది నా ఒంటి గురించిన మాట. కానీ టిక్‌టాక్ రోజుల్లో ఏమైందో గుర్తుంది కదా. ఊళ్లలో పొలం గట్టు మీద, రేకుల షెడ్డు ముందు స్టెప్పులేసిన ప్రతివాళ్లూ "క్రింజ్" అయ్యారు. 2020 జూన్‌లో టిక్‌టాక్ పోయింది, మాట మిగిలింది. వీడియో క్రింజ్ అనడం పోయి, ఆ మనిషే క్రింజ్ అనడం వచ్చింది. కిచ్‌కి అరవై, డెబ్బై ఏళ్లు పట్టిన ప్రయాణం దీనికి నాలుగైదేళ్లలో అయిపోయింది.

మొన్న వాడు ఒక రీల్ చూపించి పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. యాభై ఏళ్ల మనిషి, లుంగీ ఎగ్గట్టి, బోరుబావి పైపు ముందు పాత పాటకి డాన్సు చేస్తున్నాడు. ఫోన్ పట్టుకున్నది భార్య కాబోలు, ఆవిడ నవ్వు వెనకాల వినిపిస్తోంది, ఫోన్ ఊగిపోతోంది. నాకు బాగుంది. "క్రింజ్ అత్తా, నీకు అర్థం కావట్లేదు" అన్నాడు. ఆయన నీకు ఏం అమ్ముతున్నాడురా అని అడిగాను. ఏమీ లేదన్నాడు.

"సరే, రేపు ఫాలోవర్లు పెరిగి, అదే మనిషి అదే లుంగీలో అదే డాన్సు డిటర్జెంట్ పౌడర్ కోసం చేశాడనుకో. భార్య నవ్వు కూడా రికార్డ్ చేసి పెట్టారు. అప్పుడు?" అన్నాడు వాడు.

అప్పుడు నా జర్మన్ మాట వాడుకో అన్నాను.

"అదే మనిషి కదత్తా!"

అదే మనిషి. అందుకే ఆ మాట ఆయనకి అంటించకు, పౌడర్ డబ్బాకి అంటించు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. డబ్బు తీసుకున్నాక ఆయనా అమ్మేవాడే కదా, ఆయన్నెందుకు వదిలేస్తావు అంటాడు. ఆ మాటలో పస ఉంది. ఆ డబ్బులో ఆయనకి ఎంత ముడుతుంది, ఏజెన్సీకి ఎంత పోతుంది అన్నది తేలితే గానీ దాని గురించి మాట్లాడనని చెప్పాను.